ఓటు లేనివాళ్లు దాటే రోడ్డు

మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఇండియన్ గ్రోసరీ కొట్టు బోర్డు కనిపిస్తుంది. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు. దాటడానికి గీతలు లేవు, సిగ్నల్ లేదు. సిగ్నల్ దగ్గర దాటాలంటే అర మైలు నడవాలి, ఆ అర మైలుకీ ఫుట్‌పాత్ లేదు. టెక్సస్‌లో ప్లేనోకి ఉత్తరాన ఉన్న మా ఊరు కార్లున్నవాళ్ల కోసం కట్టిన ఊరు. భర్తల వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇంకా డ్రైవింగ్ రాని ఆడవాళ్లు ఆ రోడ్డును పరుగున దాటేవారు. నా భార్య కూడా అంతే.

కొట్టు యజమాని నాకన్నా చిన్నవాడు. నన్ను అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలిచేవాడు. మేమూ అతన్ని మావాడనే అనుకునేవాళ్లం. టెక్సస్ రాకముందు కెనడాలో, నది ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్లో ఎవరి కొట్టులోనో పనిచేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్లో ఒక కలప వ్యాపారి ఉండేవాడట. వట్టి చేతులతో వచ్చి, కోత మిల్లు పెట్టి, పెద్దవాడై, చివరికి చట్టసభకు పోటీ చేశాడట. కూలీలు చలికాలంలో గడ్డకట్టిన నది మీద నడిచి మిల్లుకు వచ్చేవారు. మంచు పలచబడే రోజుల్లో ఏటా ఎవరో ఒకరు మునిగిపోయేవారు. వంతెన కట్టిస్తానని చెప్పి ఆయన గెలిచాడు, కట్టించాడు. కరివేపాకు కవర్లలో పెడుతూ మావాడు ఈ కథను వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

“బిజినెస్ చేసినోడికే తెలుస్తదన్నా జనం కష్టం. కౌంటర్ దగ్గర నిలబడి అన్నీ చూస్తడు కదా,” అనేవాడు. నేను నమ్మాను.

ఒక సాయంత్రం నా భార్య పెరుగు డబ్బాతో తిరిగి వస్తుండగా పికప్ ట్రక్ గుద్దింది. తుంటి ఎముక విరిగింది. దాటకూడదని అక్కడ బోర్డేమీ లేదు కనుక తప్పంతా ఆమెదే అనలేమని పోలీసు అన్నాడు. ఆ రోజు మాకు దొరికిన ఓదార్పు అదొక్కటే.

మావాడు హాస్పిటల్‌కి వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని, “వదినకు ఇట్లయినంక నేను ఊకుంటనా? సిటీ కౌన్సిల్‌కి నిలబడుతున్నా. గెలిస్తే ఫస్ట్ పని ఆ సిగ్నలే. మాటిస్తున్నా,” అన్నాడు.

మనవాళ్లు గెలవకముందే సన్మానం చేస్తారు. పార్టీ హాల్ బుక్ చేశాం. కుర్చీలు నేనే వేశాను. శాలువా నా భార్య ఎంచింది. హాలు నిండింది. నిండిన హాలును చూసి గెలుపు ఖాయమనుకున్నాం. మావాడు శాలువా కప్పుకుని మైకు పట్టుకుని, “వదినా, ఒక్కసారి లేచి నిలబడండి, అందరికీ కనబడాలె,” అన్నాడు. వాకర్ పట్టుకుని పళ్లు బిగించి లేచింది. చప్పట్లు ఆగేదాకా కూర్చోనివ్వలేదు.

అప్పుడు అతని ప్రచారం పనులు చూసే అమెరికన్ ఆవిడ మైకు తీసుకుని, ఓటున్నవాళ్లు చేతులెత్తమంది. మావాడిలా పౌరసత్వం వచ్చినవాళ్లకే ఓటు. అంత హాల్లో చేతులు అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి.

“గ్రీన్ కార్డు క్యూలో ఉన్నోళ్లం కాళ్లెత్తొచ్చా?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. మావాడు నవ్వలేదు. శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు. నేను చూశాను.

ఆ తర్వాత అతను మా అపార్ట్‌మెంట్ల వైపు రాలేదు. కొట్టు వెనక ఉన్న పెద్ద ఇళ్ల కాలనీలో తలుపు తలుపూ తట్టాడు. గెలిచాడు. విజయోత్సవంలో మాకు వంటగది తలుపు పక్కన బల్ల వేశారు. ఫోటో తీసేటప్పుడు వాకర్ కనిపిస్తోందని దాన్ని తీసి గోడవారన పెట్టారు. పెట్టినవాళ్లు మళ్లీ తెచ్చివ్వలేదు.

సిగ్నల్ విషయం కౌన్సిల్ ముందుకు వచ్చిన రోజు నేను మాట్లాడటానికి పేరిచ్చాను. కాగితం లేకుండా మాట్లాడాను. నా టైం అయిపోయిందని బెల్లు మోగింది. మావాడు వేదిక మీద నుంచి ఇంగ్లిష్‌లో, “థాంక్యూ, సర్,” అన్నాడు. సర్! తర్వాత వద్దని ఓటేశాడు.

పార్కింగ్‌లో అతని కారుకు అడ్డంగా నిలబడ్డాను.

“అన్నా, జర అర్థం చేసుకోండి. సిగ్నల్ పెడితే కార్లన్నీ వెనక కాలనీలకెళ్లి పోతయంట. వాళ్లు ఒప్పుకుంటలేరు.”

“మీ వదినకు మాటిచ్చావు కదయ్యా.”

“వాళ్లు నాకు ఓటేసిన్రన్నా.”

“మేం వెయ్యలేదనా?”

“మీకు లేదు కదన్నా,” అన్నాడు. గొంతు పెంచలేదు. జాలిగా అన్నాడు. ఆ జాలిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మరుసటి ఏడాది అమెరికా వీసా స్టాంపింగ్‌కి కెనడాలోని టొరంటో వెళ్లాల్సి వచ్చింది. పని అయ్యాక కారు అద్దెకు తీసుకుని ఆ నది ఊరికి పోయాను. వంతెన నిజంగానే ఉంది. పక్కనే చిన్న మ్యూజియం. అక్కడి ముసలావిడ చెప్పింది: వంతెన మిల్లు నుంచి రైల్వే స్టేషన్‌కి కట్టిందట, కలప బండ్ల కోసం. కూలీల ఇళ్లు ఇంకా దిగువన ఉండేవట. వంతెన వచ్చాక కూడా వాళ్లు మంచు మీదే నడిచారట.

“మరి ఆయనకు ఓటెందుకు వేశారు?” అన్నాను.

“వాళ్లకు ఓటెక్కడిది? అప్పట్లో ఆస్తి ఉన్నవాళ్లకే కదా,” అందావిడ.

తిరిగి రాగానే కొట్టుకు వెళ్లి, బిల్లు కోసం నిలబడ్డ జనం ముందే ఇదంతా చెప్పాను. మావాడు విని, “బ్రిడ్జ్ అయితే కట్టిండు కదన్నా,” అన్నాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తీసుకున్న సరుకులు కౌంటర్ మీదే వదిలేసి వచ్చాను.

ప్రతి కౌన్సిల్ మీటింగ్‌కీ వెళ్లి అదే మాట్లాడుతూ వచ్చాను. చివరికి మొన్న వేసవిలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మావాడు ఒక ఫోటో పెట్టాడు. మా గేటు ఎదురుగా, రోడ్డు అంచున, కొత్త బోర్డు. పాదచారులు ఇక్కడ దాటరాదు, సిగ్నల్ వద్దకు వెళ్లండి అని బాణం గుర్తు. కింద రాశాడు: “డన్ అన్నా. వదిన సేఫ్టీ కోసం.” దాని కింద వరసగా దండాల బొమ్మలు. మళ్లీ శాలువా కప్పాలని ఎవరో రాశారు.

ఫోన్ నా భార్యకు చూపించాను. ఆమె ఫోన్ వైపు చూడలేదు. బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తోంది. ఈమధ్యే వచ్చిన ఒక అమ్మాయి చంటిబిడ్డ ఉన్న స్ట్రోలర్‌తో ఆ బోర్డు పక్కనే నిలబడి, కార్ల మధ్య సందు కోసం ఎదురుచూస్తోంది.

“అయితే ఇకమీదట గుద్దితే తప్పంతా మనదే,” అంది నా భార్య.