సవతి కన్ను

మా ఆయన నన్ను "ఇదిగో" అంటాడు. గుర్రాన్ని "బంగారం" అంటాడు. భీమిలి బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే తెల్ల ఆడగుర్రం అది. దాని మీద నాకు ఎప్పుడూ గుర్రే. గుర్రం మీద కాక ఇంకెవరి మీద ఉంటుంది లెండి గుర్రు!

పోయిన వానాకాలం నాకు కళ్ళకలక వచ్చింది. మంచినీళ్ళు అడిగితే గ్లాసు గడప మీద పెట్టి, "నాకంటుకుంటాది, నువ్వక్కడే ఉండు" అన్నాడు. ఈ ఏడు గుర్రానికి ఎడమ కంట్లోంచి నీరు కారడం మొదలైంది. చెంపకు చెంప ఆనించి మరీ తుడిచాడు, అదీ నా నూలు చీర చింపి. చీర పాతదే. అడిగితే ఇచ్చేదాన్నే. అడగకపోవడమే నా కడుపుమంట.

చూస్తుండగానే కన్ను తెరవడం మానేసింది. నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది. ఎవరో చెప్పారని ఈయన ఏదో ఆకుపసరు తెచ్చి కంట్లో పిండాడు. గుర్రం మంటకు వెనక్కాళ్ళ మీద లేచింది. ఇక అప్పట్నుంచీ ఆయన పాకలో అడుగుపెడితే చాలు, చెవులు వెనక్కి వాల్చి గోడకు నక్కేది.

"ఒంటికన్ను గుర్రం మీద పిల్లల్నెలా ఎక్కిత్తానే? కన్ను పోతే దీన్ని అమ్మీడమే" అన్నాడు కంచం ముందు కూర్చుని. అన్నం ముట్టలేదు.

పైకి అయ్యో అన్నాను. లోపల మాత్రం, పాక ఖాళీ అయితే కుట్టుమిషన్ ఏ మూల వేసుకోవాలా అని చూసుకుంటున్నాను.

పశువుల డాక్టరమ్మ వచ్చి టార్చి వేసి చూసింది. "కంట్లో పురుగులున్నాయి. కన్నీళ్ళు తాగడానికి వాలే ఈగలు ఒక పశువు నుంచి ఇంకోదానికి అంటిస్తాయి. మూడో రెప్ప కింద దూరి ఉంటాయి, తీసెయ్యాలి" అంది.

గుర్రానికి మూడో రెప్ప ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది మా ఆయనొక్కడే అనుకున్నాను అప్పటిదాకా.

"తల ఎవరు పట్టుకుంటారు?"

ఆయనే ముందుకెళ్ళాడు. గుర్రం తాడు తెంపుకున్నంత పని చేసింది.

"నానేనే బంగారం, నానే!"

దాని భయమూ అదే.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు రండి."

"నానా? నాకూ దానికీ మాటల్లేవండి."

"మంచిదే. గొడవలు కూడా ఉండవు."

వెళ్ళి దవడ కింద చెయ్యి వేశాను. దాని చెంప వణికింది. నేను భయపడినట్టు నటించి వదిలేస్తే చాలు, సవతి పోరు తీరిపోతుంది. ఆ ఆలోచన రాలేదని అనను. డాక్టరమ్మ కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, రెప్ప ఎత్తి, పురుగుల్ని ఒక్కొక్కటే లాగింది. తెల్లదారం ముక్కల్లా ఉన్నాయి, దారం మెలికలు తిరగదంతే. వీటిని కంట్లో పెట్టుకుని ఇది ఊరి పిల్లలందర్నీ మోసిందా అనిపించి, పట్టు బిగించాను. అంతా అయ్యాక అది గట్టిగా ఊపిరి వదిలి, తల తెచ్చి నా భుజం మీద పెట్టింది. ఎంత బరువో!

రోజూ చుక్కల మందు వేసే పని నాకే పడింది. ఆయన పేడ ఎత్తి, ఈగలు రాకుండా వేపాకు పొగ వేసి, పాక బయటే నిలబడేవాడు. మెల్లగా పొర పలచబడింది. ఒక పొద్దున్న ఎడమ పక్కనుంచి చెయ్యి ఊపితే, ఠక్కున రెప్ప కొట్టింది.

"సూపొచ్చీసిందే!" అని అరుస్తూ లోపలికి రాబోయాడు. దాని చెవులు వెనక్కి వాలాయి. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ బుజం మీద తలెడతాదేటే?"

"పెడతాది మావా."

వంగి వేపాకు పొగ ఇంకాస్త ఊదాడు.

"నా గురించేటైనా అడిగిందా?"

"నేదు మావా" అన్నాను, ఎంతో జాలిగా.