బోర్కా చెయ్యి

నాటకం టికెట్ ధర మళ్ళీ పెంచారని తెలిసిన రోజున, థియేటర్ కాఫీ కౌంటర్ దగ్గర ఓడన్ బాబాయ్ కప్పును ఎంత విసురుగా దించాడంటే కింద సాసరు రెండు ముక్కలయింది. ఆయన ట్రాముల్లో తనిఖీ ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. జీవితమంతా ఇతరుల టికెట్లు చూసినవాడు, ఇప్పుడు తన టికెట్ చూసుకుని లబలబలాడుతున్నాడు.

“ఈ డబ్బుకి ఒకప్పుడు ముందు వరసలో కూర్చుని కార్నేలియా పాట విన్నాను. ఇప్పుడు అదే డబ్బుకి రెండో బాల్కనీ, స్తంభం పక్కన. పైగా పాడేదెవరు? జలుబు చేసిన గొంతు.”

“పోయిన నెల ఆ గొంతునే ఆకాశానికెత్తావుగా బాబాయ్,” అన్నాను.

“అది పాత ధరలో విన్నానమ్మా.”

మా పెస్టు నగరంలో, థియేటర్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుని నిలబడే ఆ వీధిలో, ‘తీసా నది గట్టున’ అనే సంగీత నాటకం ఇరవై నాలుగేళ్ళుగా ఆడుతోంది. రోజూ ఉండదు, నెలకు మూడు నాలుగుసార్లు వేస్తారు. నాకు గుండీలూ దారాలూ అమ్మే కొట్టుంది. ఆట ఉన్న సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి వెళ్ళిపోతాను. మునిగిపోయిన పడవవాడి కోసం నేను తగలేసిన డబ్బుతో బతికున్న తనకో పడవ కొనిపెట్టొచ్చంటాడు మా ఆయన. పాపం, నిజమే.

కథ పెద్దదేమీ కాదు. పడవవాడు వరదలో పోతాడు. అతని భార్య బోర్కా ఆ సంగతి నమ్మకుండా కిటికీ దగ్గర ఎదురుచూస్తుంది. రెండో భాగంలో కుర్చీ పక్కన నిలబడి పాట పాడుతుంది. చివరి చరణానికి ముందు ఉన్నట్టుండి ఆగిపోయి, కుడి చెయ్యి కణతకు ఆనించి, ఎడమ చేత్తో కుర్చీ వీపు పట్టుకుంటుంది. ఒక పంక్తి మేర సంగీతం ఒక్కటే సాగిపోతుంది. తర్వాత మళ్ళీ అందుకుంటుంది. అంతే. ఆ ఒక్క పంక్తి కోసం మేమంతా డబ్బు పోస్తాం. బోర్కాలు మారారు, పాత్రధారులంతా మారారు, ఆ చెయ్యి మాత్రం మారలేదు. మొగుడి అడుగుల చప్పుడు వింటోందని కొందరు, దేవుణ్ణి తిట్టుకుంటోందని కొందరు, విరామమంతా కొట్టుకు చచ్చేవాళ్ళం.

ఎటెల్క మాత్రం ఆ గొడవల్లోకి వచ్చేది కాదు. బడిపిల్లలకు వండిపెట్టే వంటశాలలో పనిచేసి మానేసిన మనిషి, దిట్టమైన చేతులు, తక్కువ మాట. చీజు వేసి కాల్చిన పొగాచాలనే చిన్న రొట్టెలు రేకు డబ్బాలో తెచ్చి, కౌంటరావిడ కంట పడకుండా బల్ల కింద నుంచి మాకు అందించేది. ఎప్పుడూ ఒకే సీటు. రెండో బాల్కనీలో ఎడమవైపు చివర, అన్నిటికన్నా చవక, సగం వేదిక స్తంభమే మింగేస్తుంది.

“ఇన్నేళ్ళుగా సగం నాటకమే చూస్తున్నావు కదే,” అనేదాన్ని.

“నాకు కావాల్సిన సగం కనిపిస్తుందిలే గిజీ,” అనేది.

కనిపించేది కుర్చీ ఉన్న సగం. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. ఏ బోర్కా గొప్పదని అడిగితే మాత్రం ఎటెల్క ఎప్పుడూ “మొదటామె” అనేది.

ఆ రోజు సాసరు పగలగొట్టిన ఊపులో ఉన్న ఓడన్ బాబాయ్ ఆ మాటకు నవ్వాడు. “మొదటిదా? దార్దయ్ లీవియానా? ఒక ఏడాది పాడి పోయింది, పిట్టగొంతు. చెయ్యి పెట్టడం కనిపెట్టింది తర్వాత వచ్చిన కార్నేలియా. ఆ పిట్ట చేసినదాంట్లో ఏం మిగిలిందమ్మా ఇక్కడ?”

ఎటెల్క డబ్బా మూత పెట్టేసింది. అందరికన్నా ముందే లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మొహం చూసి నాకు ఓడన్ మీద ఒళ్ళు మండింది, ఎందుకో మాత్రం తెలియదు.

ఆ వారమే పేపర్లో కొత్త బోర్కా మాటలు వచ్చాయి. విల్లో అని కుర్రది, ఇంకా ముప్ఫై నిండలేదు. ‘కణత మీద చెయ్యెందుకని థియేటర్లో అందరినీ అడిగాను. మొదట్నుంచీ అంతే అన్నారు తప్ప ఎవరూ కారణం చెప్పలేదు. నేను దాన్ని తీసేస్తున్నాను,’ అందట. మాలో సగంమంది టికెట్లు వాపసు ఇచ్చేస్తామని ఎగిరారు. ధర పెరిగినా ఎవరూ వాపసు ఇవ్వలేదనుకోండి.

ఎటెల్క నా కొట్టుకు వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. గుండీల డబ్బాల ముందు కోటు విప్పకుండా నిలబడింది.

“ఆ పిల్ల తీసేస్తుందా గిజీ?”

“తీసేస్తానంటోంది. కూర్చో ముందు.”

కూర్చోలేదు. “లీవియా నా చెల్లెలు,” అంది.

లీవియా నాటకాల కోసం పేరు మార్చుకుంది, ఎటెల్కది పెళ్ళయ్యాక వచ్చిన ఇంటిపేరు. మాకెలా తెలుస్తుంది?

“మొదటి ఆట రోజు పాట మధ్యలో దానికి తలలో పోటు వచ్చింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. పంక్తి మర్చిపోయింది. సంగీతం ఆగలేదు, అది కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంది. జనం నటన అనుకున్నారు. ఆట అవగానే దర్శకుడు పరిగెత్తుకొచ్చి, బంగారంలా ఉంది, ప్రతి ఆటలోనూ అలాగే చెయ్యమన్నాడు. అది పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది. దీపాల వేడి అంది. డాక్టరు దగ్గరకు వెళదామంటే ఈ ఏడాది ఆటలు అయ్యాక చూద్దామంది. తలలో గడ్డట. తెలిసేసరికి ఏం మిగల్లేదు.”

“ప్రతి ఆటలోనూ నటించిందా మరి?”

“ప్రతి ఆటలోనూ చేసింది. ఏ రోజు నటించిందో, ఏ రోజు నిజంగా వచ్చిందో నాకు తెలియదు. దానికీ తెలిసేది కాదేమో.”

“ఇన్నేళ్ళు మాకెందుకు చెప్పలేదే?”

“మీ నోళ్ళలో వెయ్యడం ఇష్టం లేక. పిట్టగొంతు అన్నాడు కదా ఆయన.” కౌంటరు మీద చేతులు పెట్టింది. “దాని సమాధి దగ్గర నాకేమీ అనిపించదు. ఫొటోల్లో అది కదలదు. ఇక్కడ నెలకు మూడుసార్లు నా చెల్లెలు చెయ్యెత్తుతుంది. ఎవరి ఒంట్లోంచి ఎత్తితేనేం. ఆ పిల్ల మానేసిందంటే ఇక ఎక్కడా ఉండదు గిజీ.”

ఆమె మాట్లాడుతుంటే నా కళ్ళ ముందు నేను చూసిన బోర్కాలందరూ వరసగా నిలబడ్డారు. లావుపాటామె, పొడుగామె, కార్నేలియా, జలుబు గొంతామె. అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. అవన్నీ ఆ చచ్చిపోయిన పిల్ల చేతులే. కారణం తెలియకుండానే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని, ఆ నొప్పిని ఇన్నేళ్ళు మోసుకొచ్చారు. మేము కింద కూర్చుని ఎవరు బాగా మోశారని మార్కులు వేశాం. నాకు భయం వేసింది. దాచుకోవడం దేనికి, పట్టపగలు, నా సొంత కొట్టులో భయం వేసింది.

మర్నాడు సాధన ముగిసే వేళకు ఇద్దరం నటుల గుమ్మం దగ్గర కాపు వేశాం. విల్లో సైకిల్ తోసుకుంటూ బయటికి వచ్చింది.

“ఆ చెయ్యి తీసేయకమ్మాయ్,” అంది ఎటెల్క, ముందూ వెనకా లేకుండా.

పిల్ల మొహం చూస్తే అప్పటికే చాలామందితో ఇదే మాట పడినట్టుంది. “ఎందుకో చెప్పండి పిన్నీ. మీరూ అందరిలాగే ఇరవైసార్లు చూశాననే చెబుతారు. ఎందుకో తెలియకుండా చెయ్యి పైకెత్తితే ఈగ తోలుకున్నట్టుంటుంది, నావల్ల కాదు.”

ఎటెల్క చెప్పింది. నాకు చెప్పినంతా చెప్పి, నాకు చెప్పనిది ఒకటి కూడా చెప్పింది. “ఆ రోజు నేను ఆ బాల్కనీలోనే ఉన్నాను. పాట అవగానే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. నా పక్కవాళ్ళతో, మా చెల్లెలు అని చెప్పుకున్నాను.”

విల్లో సైకిల్‌ను గోడకు ఆనించింది. తర్వాత మెల్లగా అడిగింది. “ఎలా చేసిందో చూపిస్తారా?”

ఎటెల్క సైకిల్ సీటు పట్టుకుంది. ఎడమ చెయ్యి ముందు వెళ్ళింది. వేళ్ళు ఒకసారి గాలిలో తడిమి, తర్వాత సీటు అందుకున్నాయి. ఆ తర్వాతే కుడి చెయ్యి కణత మీదికి వచ్చింది.

“అందరూ కుడి చెయ్యి ముందు ఎత్తుతారు కదా,” అంది విల్లో.

“అది చూడ్డానికి బాగుంటుంది కాబట్టి. దానికి కుర్చీయే ముందు కావాల్సొచ్చింది.”

“అంటే పడిపోతోందన్నమాట.”

“అవునమ్మా,” అంది ఎటెల్క. ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి పైకి అన్నట్టుంది.

విల్లో మొదటి ఆటకు నేను ఎటెల్క పక్క సీటే తీసుకున్నాను. స్తంభం సగం వేదికను మింగినా సరే అనుకున్నాను. మొదటి భాగమంతా ఎటెల్క డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మూత తియ్యలేదు. రెండో భాగంలో కుర్చీ దగ్గరికి విల్లో వచ్చింది. పాట మొదలైంది. చివరి చరణం ముందు గొంతు ఆగిపోయింది.

ఎడమ చెయ్యి కుర్చీ కోసం వెళ్ళి అందుకోలేకపోయింది. మళ్ళీ తడిమింది. ఆ పిల్ల కళ్ళు మా వైపే ఉన్నాయి, కానీ మమ్మల్ని చూడ్డం లేదు, దేన్నీ చూడ్డం లేదు. కుర్చీ కిర్రుమంది. కుడి చెయ్యి కణత మీదికి వచ్చింది. వాద్యకారుల ముందు నిలబడ్డ ఆయన కంగారుగా తలెత్తి చూశాడు. పంక్తి అయిపోయింది, అయినా ఆమె అందుకోలేదు. నాకు ఆ చోట విల్లో కనబడలేదు. నేనెప్పుడూ చూడని పిట్టగొంతు పిల్ల, పంక్తి మర్చిపోయి, నవ్వులపాలవుతానేమోనని భయపడుతూ నిలబడి ఉంది.

నా పక్కన ఎటెల్క లేచి నిలబడింది. డబ్బా జారి మెట్ల మీద దడదడమంటూ పోయింది.

“లీవీ, కూర్చోవే,” అంది.

గట్టిగా అనలేదు. కానీ ఆ నిశ్శబ్దంలో హాలంతా వినబడింది. వేదిక మీది పిల్ల చివరి చరణం అందుకుంది. పాట అవగానే మా థియేటర్లో నేనెన్నడూ వినని చప్పట్లు పడ్డాయి. జనం లేచి నిలబడి కొట్టారు. ఓడన్ బాబాయ్ ఏడుస్తూ కొట్టాడు. నా చేతులు కూడా లేచాయి, సగంలో ఆపుకున్నాను. పక్కకు చూస్తే ఎటెల్క సీటు ఖాళీగా ఉంది.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఊరంతా ఆ చెయ్యి గురించే మాట్లాడుకుంది. టికెట్లు దొరకడం మానేశాయి, ఎడమ బాల్కనీ చివరి సీటుకు కూడా ధర పెంచారు. “ఇదమ్మా చెయ్యంటే,” అన్నాడు ఓడన్ బాబాయ్, “కార్నేలియా కూడా ఇంత చెయ్యలేదు.” నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. ఎటెల్క రావడం మానేసింది.

నానా తంటాలూ పడి ఒక టికెట్ సంపాదించి ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. వంటగదిలో పిండి పిసుకుతోంది. టికెట్‌ను తాకలేదు.

“ఇన్నేళ్ళు అది చెయ్యెత్తడం చూడ్డానికి వచ్చాను గిజీ. ఆ రోజు అది పడిపోవడం చూశాను. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.” పిండిని బల్లకేసి ఒత్తింది. “నేనే చూపించాను కదా, ఇంకెవరినని ఏం లాభం? ఆ పిల్లకు ఒక్క మాట చెప్పు. చెయ్యి తీసేయొద్దులే, ఉండనీ. పాట అయ్యాక కాస్త కూర్చోమను. మా దానికి ఎవరూ చెప్పలేదు.”

ఆ మాట విల్లోకు చేరవేశాను. దర్శకుడు ఒప్పుకోడేమో అంది. తర్వాతి ఆటలో పాట అయింది, చప్పట్లు పడ్డాయి, దీపాలు తగ్గాయి. మామూలుగా అయితే బోర్కా కిటికీ వైపు నడిచి వెళ్ళాలి. విల్లో వెళ్ళలేదు. కుర్చీని రెండు చేతులా పట్టుకుని తిప్పి, మెల్లగా కూర్చుంది. వీపు వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది.

“ఇదేం కొత్త వేషం? ఇన్నేళ్ళలో ఏ బోర్కా కూర్చోలేదు,” అని గొణిగాడు ఓడన్ బాబాయ్. పక్కనున్నావిడ, మొగుడు చనిపోయాడని అప్పుడు నమ్మిందండీ, అందుకు కూర్చుంది అంది. వాళ్ళ వాదన అప్పుడే మొదలైంది. రేపు ఇంకో బోర్కా వస్తుంది, ఎందుకని అడక్కుండా తనూ కూర్చుంటుంది.

మర్నాడు ఉదయం కొట్టు తెరవగానే ఎటెల్కకు ఫోన్ చేశాను.

“కూర్చుందే,” అన్నాను.

“వెనక్కి ఆనుకుందా?”

“ఆనుకుంది. కళ్ళు మూసుకుంది.”

“తర్వాత లేచిందా?”

“లేవకపోతే ఎలాగే, ఇంకా పాటలున్నాయి కదా.”

“అవును, పాటలున్నాయి,” అంది ఎటెల్క. “మా లీవీ కూడా ఇంట్లో పాటలున్నాయంటూ అలాగే లేచేది.”