వైండింగ్ సెక్షన్ భాష

మా చిన్నత్తాయి అత్త మా వీధిలో మాట్లాడితే పక్క వీధి వాళ్ళు బదులు చెప్పేవాళ్ళు. సింగానల్లూరు పక్కన ఒక నూలు మిల్లులో, దారం కండెలకి చుట్టే వైండింగ్ సెక్షన్లో, ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆ మిషన్ల రొదకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దానికి బుద్ధి పుట్టినప్పుడు వినేది. మిల్లు మానేసి ఇంట్లో కూర్చున్న అలాంటి మనిషిని, ఇంటింటికీ తిరిగి గుట్టుగా ప్రశ్నలడిగే ఉద్యోగంలో పెట్టాడు డాక్టర్ సుందరమూర్తి. ఆయన తెలివిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. డాక్టరుది మదురై, పని మా ఊరి పెద్దాస్పత్రిలో. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు పిల్లల్లో మనసు జబ్బు ఎలా మొదలవుతుంది, తొందరగా కనిపెట్టి మందిస్తే ఎంతమంది మళ్ళీ పనికో చదువుకో పోగలరు, ఇదీ ఆయన పరిశోధన. స్కిజోఫ్రెనియా అన్న పేరు మా మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, మొదట పలికింది ఆయనే. మా అత్తకి అది ఏనాడూ నోరు తిరగలేదు. "పేరు నువ్వే పెట్టుకో సామీ, పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో నేను చెప్తా" అనేది.

కాగితం మీద తమిళంలో ముప్పై ప్రశ్నలు. అత్త అక్షరం అక్షరం కూడబలుక్కుని, గుమ్మంలో నిలబడి అరిచేది: "ఎవరికీ వినబడని గొంతులు నీకు వినబడతా ఉన్నాయా?" మూడిళ్ళవతల పిండి రుబ్బుతున్న రామాయి, అడిగింది తనని కాకపోయినా, అందుకుంది. "మా అత్త పోయి ఆరేళ్ళయింది. సాంబారులో ఉప్పెక్కువైందని ఇంకా వినబడతానే ఉంది, రాసుకో అక్కా." మా అత్త నిజంగానే రాసుకుంది. డాక్టరు అది చదివి కళ్ళజోడు తీసి మరీ నవ్వాడట. నవ్వితే నవ్వాడుగానీ, మా అత్త మొహం మీద ఒక్క ఇంటివాళ్ళు తప్ప ఎవరూ తలుపు వెయ్యలేదు, అది మాత్రం గర్వంగా చెప్పుకుంటాను.

ఆ ఒక్క ఇల్లు అయ్యాసామిది. ఆయన అదే మిల్లులో మిషన్లు బాగుచేసే ఫిట్టరు. కూతురు వల్లికి పంతొమ్మిదేళ్ళు. అత్త మిల్లులో ఉన్నప్పుడు వైండింగ్ సెక్షన్లో ఆమె పక్క మిషనే. తెగిన నూలు ముడెయ్యడం దానికి అత్తే నేర్పింది. ఐదు నెలలుగా అది పనికి పోవడం లేదు. అడిగితే, దిండిగల్లో పిన్ని ఇంటికి పోయిందని తల్లి పొన్నమ్మాళ్ చెప్పేది. మా అత్త నమ్మింది పాపం.

ఒక బుధవారం డాక్టరు దిగులుగా కనబడ్డాడు. ఏమైందంటే చెప్పాడు. ఒక పిల్లని తండ్రి మూడుసార్లు ఆస్పత్రికి తెచ్చాడు. మూడుసార్లూ నోరు విప్పలేదు. పెదవులు కదుపుతుంది, శబ్దం రాదు. వేళ్ళు ఊరికే ఆడిస్తుంది. మాట్లాడితేనే జబ్బేదో తేల్చగలనని ఆయనన్నాడు. తండ్రికి ఓపిక పోయింది. ఈ శుక్రవారం బస్సెక్కించి, మదురై అవతల దయ్యం పట్టినవాళ్ళని గొలుసులతో కట్టే చోటికి తీసుకుపోతానన్నాడు.

"వేళ్ళు ఎట్లా ఆడిస్తుంది?" అని అడిగింది అత్త.

డాక్టరు చేసి చూపించాడు. రెండు వేళ్ళు దూరంగా లాగి, దగ్గరికి తెచ్చి మెలిపెట్టడం, తర్వాత అరచెయ్యి తనవైపు ఊపడం.

అత్తకి ఆ చేతులు తెలుసు. మీకు తెలియదేమో, వైండింగ్‌లో ఎంత అరిచినా పక్కమనిషికి వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదవులు పెద్దగా కదిపి, చేతులతో మాట్లాడుకుంటారు. టీకి రమ్మన్నా, మేస్త్రీ వస్తున్నాడన్నా, మొగుడితో గొడవన్నా, అన్నీ చేతులే.

"సామీ, అది ఊరికే ఆడించడం కాదు" అంది అత్త. "నూలు తెగిపోయింది, ముడెయ్యను రా అని పిలస్తా ఉంది. మూడుసార్లు పిలిచింది నిన్ను. నువ్వే పోలేదు."

డాక్టరు లేచి చెప్పులేసుకున్నాడు.

ఆ పిల్ల ఎవరో డాక్టరు వెంట అయ్యాసామి గుమ్మం దాకా వెళ్ళాకే అత్తకి తెలిసింది. పొన్నమ్మాళ్ అలవాటు కొద్దీ "దిండిగల్లో" అని మొదలుపెట్టింది. అత్త ఆమెని పక్కకి జరిపి లోపలికి పోయింది. వల్లి మూల గదిలో గోడకానుకుని ఉంది. అత్త ఎదురుగా చాప మీద కూర్చుని, నోట మాట లేకుండా, పెదవులూ చేతులతో అడగడం మొదలుపెట్టింది. వల్లి చూసింది. కాసేపటికి దాని చేతులు కూడా లేచాయి. కాగితం మీద ముప్పై ప్రశ్నలుంటే, ఆ ఇద్దరూ వంద మాట్లాడుకుని ఉంటారు.

ఆ పిల్ల చెప్పింది అత్త డాక్టరుకి గొంతు తగ్గించి చెప్పింది. తగ్గించగలదని మాకందరికీ ఆరోజే తెలిసింది.

"చెవుల్లో మిల్లు నడస్తానే ఉందంట సామీ. రేయింబవళ్ళు. ఆ రొదలో ఎవరో తిడతా ఉన్నారంట. అంత రొదలో నోటితో మాట్లాడితే ఎవరికి వినబడతాదని చేతులతో చెప్పిందంట." చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఇది జబ్బేననీ, దయ్యం కాదనీ, మందుందనీ డాక్టరు అయ్యాసామికి చెప్పాడు. ఆయన ఫిట్టరు కదా, ఫిట్టరులాగే అడిగాడు. "మందేస్తే ఆ మిల్లు ఆగతాదా?"

"చాలామందికి తగ్గుతుంది. పూర్తిగా ఆగుతుందని మాటివ్వలేను."

"సరి. ఆడి నెల పోయేదాకా చూస్తా. ఆగకపోతే ఆవణి ఒకటిన బస్సెక్కిస్తా" అన్నాడు అయ్యాసామి. తమిళ నెలల్లో ఆడి తర్వాతది ఆవణి. శుక్రవారం ప్రయాణానికి సర్దిన గుడ్డసంచిని విప్పకుండా కిటికీలో పెట్టాడు.

ఇక చూడాలి మా అత్తని. పొద్దున మిల్లు సంగు, అదే సైరన్, కూయగానే వల్లి దగ్గర హాజరు. మాత్ర మింగించి, మిషను సంగతేమిటని చేత్తో అడిగేది. వల్లి వేలు గిరగిరా తిప్పేది, నడుస్తోందని. మందుకి పిల్ల నోరెండిపోయి పగలంతా తూగుతుంటే, అత్త ఆస్పత్రికి పోయి డాక్టరుతో పోట్లాడింది. ఆయన మోతాదు తగ్గించాడు. మూడో వారానికి వేలు కొంచెం మెల్లగా తిరగసాగింది. ఆ మెల్లదనం నిజమో, తను కోరుకున్నదో తెలియక అత్త అన్నం సరిగా తినలేదు. కిటికీలో సంచి అలాగే ఉంది.

ఆడి ముప్పై రెండో తేదీ, తమిళ పంచాంగంలో ఆ నెలకి ఆఖరు రోజు. అయ్యాసామి షిఫ్టుకి పోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. అత్త లోపలికి పోయింది, గ్లాసులో నీళ్ళు వంచుతోంది, వల్లి మొహం చూసే ధైర్యం లేక అటు తిరిగి. వెనకనుంచి వల్లి ఏదో అంది. అత్త పలకలేదు. మళ్ళీ అంది. అయ్యాసామి లేచి నిలబడ్డాడు, పొన్నమ్మాళ్ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మా అత్త మాత్రం నీళ్ళు వంచుతూనే ఉంది, ఎడమ చెవి వల్లి వైపుందిగా. మూడోసారి వల్లి గట్టిగా అరిచింది.

"అత్తా, మిషను ఆగింది. నీళ్ళు పారిపోతా ఉన్నాయి చూడు."

నిజంగానే గ్లాసు నిండి చాపంతా తడిసింది. అయ్యాసామి కిటికీలో సంచి తీసి, అందులో బట్టలన్నీ దండెం మీద ఆరేశాడు. అవి తడిసినవి కావు, ఆ సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు.

తర్వాత వల్లి మిల్లుకి పోయింది, రొద తక్కువుండే ప్యాకింగ్‌లో. మాత్రలు మానలేదు. అయినా ఇన్నేళ్ళలో రెండుసార్లు దాని చెవుల్లో మిల్లు మళ్ళీ మొదలైంది. రెండుసార్లూ తనే నడిచొచ్చి, మా అత్త కుడి చెవి వైపు నిలబడి, నోటితోనే చెప్పింది.