చెరువంచున మా రెండు కుక్కలు

నాకు పదకొండేళ్లప్పుడు మా ఇంటిల్లిపాదీ గొర్రెల వెంట ఊరు వదిలి, ఒక చెరువు అంచున నాలుగు నెలలు బతికాం. డెబ్బయిల చివరి సంగతి. వరసగా రెండేళ్లు వానల్లేవు. మా ఊరి బావుల్లో అడుగు రాళ్లు తేలాయి. చెనిక్కాయ చేలు మొలకలోనే మాడాయి. గుత్తికి అవతల ఒక పెద్ద చెరువులో ఇంకా నీళ్లున్నాయని ఎవరో చెబితే, శివరాత్రి పోయిన వారానికి నాయన మందను తోలుకుని బయలుదేరాడు.

ప్రతి ఎండాకాలం ఆయన ఒక్కడే పోయేవాడు. ఆ ఏడు మమ్మల్ని ఇంట్లో ఉంచి పోదామన్నా తాగడానికి నీళ్లు లేవు. అందుకని అమ్మ, నేను, నాయన తల్లి అందరం కదిలాం. ఆమెను నేను జేజి అనేదాన్ని. గాడిద మీద కుండలు, కంబళ్లు, జొన్నల మూట. పుట్టి వారం కాని గొర్రెపిల్లలు జేజి నెత్తిన గంపలో. మందకు ముందొకటి, వెనకొకటి మా కుక్కలు.

మా వాళ్లు కుక్కలకు పేర్లు పెట్టరు. రంగును బట్టి నల్లది, ఎర్రది అనేవాళ్లం. నల్లది ముసలిది. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పుడు నాయన దాన్ని తెచ్చి, గుడ్డపేలిక గొర్రెపాలలో ముంచి చప్పరింపజేసి పెంచాడట. ఒకసారి తోడేలుతో కలబడి సగం చెవి పోగొట్టుకుంది. నాయన దాన్ని ముద్దు చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ సంగటి ముద్ద తినేటప్పుడు చివరి పిడికెడు దానికే పెట్టేవాడు. ఎర్రది రెండేళ్ల కుర్రది. తొండలు కనబడితే చాలు, మందను మరిచిపోయి వాటి వెంట పడేది. దానికి ఇంకా పని రాలేదని నాయన తిట్టేవాడు.

చెరువు సగానికి పైగా ఎండి ఉంది. నీళ్లు వెనక్కి పోయిన చోట తుమ్మచెట్ల కింద కర్రలు నాటి, వాటి మీద కంబళ్లు కప్పాం. పక్కనే ముళ్లకంప చుట్టూ వేసి గొర్రెలకు రొప్పం కట్టాం. మూడు రాళ్ల పొయ్యి. అంతే మా కాపురం. మొదటి నెల నాకు బాగా నచ్చింది. పొద్దున్నే కుక్కలతో నీళ్ల దాకా పరుగెత్తేదాన్ని. ఎర్రది నీళ్లలోకి దూకి, ఈది, బయటికొచ్చి నా మీదే విదిలించుకునేది. నల్లది ఒడ్డున కూర్చుని మా ఇద్దరినీ చూసేది. నాయన దోటితో తుమ్మకొమ్మలు లాగితే నేను విరిచి గొర్రెలకు వేసేదాన్ని. నా చేతుల నిండా ఎప్పుడూ ముళ్ల గీతలే.

వారం వారం నీళ్లు వెనక్కి పోయాయి. ముందు అమ్మ నాలుగు అడుగులేసి కుండ ముంచుకొచ్చేది. తర్వాత అర ఫర్లాంగు బురదలో నడవాల్సి వచ్చింది. ఆ తర్వాత నీళ్లు పచ్చబడ్డాయి, చేపలు చచ్చి తేలాయి. వాసన కంబళ్లకు, అన్నానికి, మా జుట్టుకు పట్టింది. చెరువు మధ్యలో గుంత తవ్వి, ఊరిన చెలమ నీళ్లు తోడుకుని తాగాం.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నక్క వచ్చింది.

పట్టపగలు నక్క మనుషుల మధ్యకు రాదు. ఇది వచ్చింది. మెడ వేలాడేసుకుని, పక్కకు తూలుతూ, ఎటూ చూడకుండా నేరుగా చెట్టు నీడన ఉన్న గొర్రెల మీదికి నడిచింది. జేజి అరిచింది. నల్లది అడ్డం పోయింది. రెండూ దుమ్ములో పెనుగులాడాయి. నాయన కర్ర తీసుకుని పరుగెత్తే లోపలే నల్లది నక్కను చంపేసింది. ఎర్రది దూరం నుంచి మొరిగింది తప్ప దగ్గరికి పోలేదు. నల్లదాని పైపెదవి చీలి రక్తం కారుతోంది. గొర్రెలకు ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.

నాయన నక్కను కర్రతో తిరగేసి చూశాడు. దాని మూతి నిండా చొంగ.

"పిచ్చినక్క" అంది జేజి. "కుక్కను కరిసినాది."

"గీసుకున్నాది అంతే" అన్నాడు నాయన.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "గీసుకున్నా కరిసినా ఒగటే. ఇంట్లో ఆడపిల్ల ఉండాది. దాన్ని ఈపొద్దే ఏదో ఒగటి చేసేయి."

"ఏం చేయమంటావు?"

"నీకు తెలీదా?"

నాయన కర్ర కింద పడేశాడు. "మందను కాసినాది. దాన్ని నా చేత్తో ఎట్ల చంపేది" అన్నాడు. "దూరంగా కట్టేసి చూస్తా. నెల దాటితే ఏమీ కాదు."

చెరువుకు అవతలి పక్క ఒంటరిగా ఒక తుమ్మచెట్టు ఉంది. గాడిదను కట్టే గొలుసుతో నల్లదాన్ని దానికి కట్టేశాడు. అది పెనుగులాడలేదు. ఆయన వెనక్కి వస్తుంటే లేచి నిలబడి, గొలుసు బిగుసుకునే దాకా నడిచి ఆగిపోయింది. రోజూ నాయనే తిండి తీసుకుపోయి, చట్టిని కర్రతో ముందుకు నెట్టి వచ్చేవాడు. మమ్మల్ని ఎవరినీ అటు పోవద్దన్నాడు. నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

"పాపా, అటు పోయినావంటే కాళ్లు ఇరగ్గొడతా."

మూడు వారాలు గడిచాయి. పెదవి మానింది. అది బాగా తింటోందని, తోక ఊపుతోందని నాయన రోజూ వచ్చి చెప్పేవాడు. ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

ఈలోగా నేను చేసింది ఇదీ. ఆ చెట్టు వైపు పుల్లలేరుకోవడానికి పోయినప్పుడు నల్లది నన్ను చూసి కుయ్యికుయ్యిమనేది. నాలుగైదు రోజులు దూరం నుంచే చూసి వచ్చాను. ఒకరోజు ఎండ మండిపోతోంది. చెట్టు నీడ జరిగిపోయి అది ఎండలో పడుకుని ఉంది, చట్టిలో నీళ్లు లేవు. నేను చెలమ దగ్గరికి పోయి నీళ్లు తెచ్చి పోశాను. అది తాగింది. తాగి నా చెయ్యి నాకింది. ముళ్లు గీసుకున్న చెయ్యి. నాకు భయం వేయలేదు. దాని తల నిమిరి, చెవి వెనక గోకి వచ్చాను. మర్నాడు కూడా పోయాను.

ఆ తర్వాత మూడో రోజు నల్లది తిండి ముట్టలేదు. సాయంత్రానికి దాని గొంతు మారిపోయింది. మొరుగుడు కాదు, ఊళా కాదు. చెరువు అవతల నుంచి ఆ శబ్దం వింటూ నాయన సంగటి తినకుండా కూర్చున్నాడు. తెల్లారి గొడ్డలి, పార తీసుకుని బయలుదేరాడు. వెనకాల పోతానని ఎర్రది ఎగిరితే జేజి దాన్ని మెడ పట్టుకుని ఆపింది. పొద్దు నడినెత్తికి వచ్చాక నాయన తిరిగొచ్చాడు. లోతుగా గుంత తవ్వి పూడ్చానని చెప్పి, గొడ్డలిని బూడిదతో తోమి, ఎండలో పెట్టి, కంబళి కప్పుకుని పడుకున్నాడు. అంత ఎండలో కంబళి ఎందుకు కప్పుకున్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

నేను మూడు రోజులు నోరు విప్పలేదు. తిడతారని కాదు. చెబితే నిజమైపోతుందని భయం. మూడో రోజు మధ్యాహ్నం జేజి, తన చిన్నప్పుడు పుట్టింటి ఊళ్లో కుక్క కరిచిన మనిషి ఎలా పోయాడో అమ్మకు చెబుతోంది. నీళ్ల చెంబు చూస్తేనే గొంతు పట్టుకునేవాడట. ఆ మాట విన్నాక దాహమై చెంబు ఎత్తాను. నీళ్లు నోట్లోకి పోయాయి గాని గొంతు దిగలేదు. ఉమ్మేశాను. అమ్మ నా వైపు చూసింది.

"ఏమే?"

"ఏం లేదు."

"ఏమైందో చెప్పు."

చెప్పాను. నీళ్లు పోయడం, చెయ్యి నాకడం, రెండు రోజులు పోవడం అన్నీ చెప్పాను. అమ్మ నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. పాతవీ కొత్తవీ గీతలు. ఆమె ఏడవలేదు. "యో, ఈడికి రా" అని నాయనను పిలిచింది.

నాయన విని నిలబడినవాడు నిలబడినట్టే కింద కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"ఏంటికి చెప్పల్యా?" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు.

బస్సు వచ్చే రోడ్డు రెండు కోసుల దూరం. నేను నడవగలను. అయినా పదకొండేళ్ల ఆడపిల్లను భుజాల మీద ఎక్కించుకుని ఆయన దారంతా నడిచాడు. ఆయన మెడ చెమటతో జారిపోతోంది. అమ్మ మూట పట్టుకుని వెనకే నడిచింది. మమ్మల్ని బస్సు ఎక్కించి, మందను వదిలి ఉండలేక వెనక్కి పోయాడు.

టౌన్లో ఆసుపత్రిలో పద్నాలుగు సూదులు వేయాలన్నారు. రోజుకొకటి, బొడ్డు చుట్టూ. అమ్మా నేనూ ఆసుపత్రి వరండాలో ఉన్నాం. నర్సమ్మ మంచిది. సూది వేసేటప్పుడు "అటు చూడు పాపా, గోడ మీద బల్లి ఉంది చూడు" అనేది. నాలుగో రోజుకు పొట్ట గట్టిపడి, పక్కకు తిరిగి పడుకోవడానికి కూడా రాలేదు. రోజూ పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని నీళ్లు తాగి చూసుకోవడం. గొంతు దిగితే ఈ రోజుకు బతికాను అనుకునేదాన్ని. అమ్మ నన్ను చూస్తూ కూర్చునేది. ఆమె కూడా అదే చూస్తోందని నాకు తెలుసు.

పద్నాలుగో సూది అయ్యాక తిరిగి చెరువుకు పోయాం. దూరం నుంచే నేను ఎర్రదాన్ని పిలిచాను. రాలేదు. తొండల వెంట పోయి ఉంటుందనుకున్నాను. రొప్పం దగ్గర నాయన కంప సర్దుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని, నా తల మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"ఎర్రది యాడ?" అని అడిగాను.

ఆయన మళ్లీ కంప వైపు తిరిగాడు. జేజి నన్ను గుడారం వెనక్కి తీసుకుపోయింది.

"మీరు పోయిన మర్నాడే" అంది. "రెండూ ఒగ చట్టిలో తిన్నాయి గదా అన్నాడు. నేను వద్దంటి. దానికేం కాలేదురా, నక్క దగ్గరికే పోలేదు అంటి. వినల్యా. గొడ్డలి తీస్కోని పోతాంటే, అది తోక ఊపుకుంటా మీ నాయన ఎనకాలే పోయినాది."

నేను ఏడ్చానో లేదో గుర్తు లేదు. నేను చెప్పడం వల్లే అది పోయిందని మాత్రం ఆ క్షణమే అర్థమైంది. నల్లదాని దగ్గరికి పోకుండా ఉంటే, పోయినా చెప్పకుండా ఉంటే, ఎర్రది నీళ్లు విదిలించుకుంటూ నా ఎదురుగా ఉండేది. చెప్పకుండా ఉంటే నేనేమయ్యేదాన్నో అన్న ఆలోచన తర్వాత వచ్చింది.

కుక్కలు లేని మందను తోడేళ్లు వారం తిరక్కుండా కనిపెట్టాయి. మేం తిరిగొచ్చాక ఉన్న ఇరవై రోజుల్లో పదకొండు పిల్లలు, నాలుగు తల్లులు పోయాయి. ఎవరో ఒక కుక్కపిల్లను ఇస్తామంటే నాయన వద్దన్నాడు. మొదటి వాన పడ్డాక ఊరికి తిరిగొచ్చాం. మరుసటి ఏడు మిగిలిన గొర్రెలను అమ్మేసి, నాయన తాడిపత్రిలో బండలు నున్నచేసే పనికి కుదిరాడు. నన్ను అక్కడ బడిలో వేశారు. ఏడాది పాటు, తలనొప్పి వస్తే చాలు, ఎవరూ చూడకుండా పోయి నీళ్లు తాగి చూసుకునేదాన్ని.

నాకు పెళ్లి నిశ్చయమైన ఏడు, అంటే ఎనభైల మధ్యలో, ఒక ఆదివారం నాయన ఇంటి ముందు కూర్చుని కాళ్లకంటిన రాతిపొడి కడుక్కుంటున్నాడు. పక్కన నేను బియ్యం ఏరుతున్నాను. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య ఆ చెరువు మాట రాలేదు. అడగాలని ముందుగా అనుకోలేదు. అడిగేశాను.

"నాయనా, ఎర్రదానికి నిజంగా ఏమన్నా ఉండిందా?"

ఆయన చెంబు కింద పెట్టాడు.

"ఏమీ లేదు. నాకు తెలుసు" అన్నాడు.

"తెలిసీ?"

"నల్లదానికీ ఏమీ లేదనే అనుకుంటి గదమ్మా. నిన్ను బస్సెక్కించి వస్తాంటే, ఇంగ నేను అనుకునేది ఏదీ నమ్మబుద్ధి కాలేదు."

ఆయన మిగిలిన నీళ్లు కాళ్ల మీద పోసుకుని, తువ్వాలుతో తుడుచుకుని లోపలికి పోయాడు. మొదట చెప్పనిది నేనే, మొదట చంపనిది ఆయన. ఆ రెండింటిలో ఏది పెద్ద తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయనను అడిగే అవకాశం కూడా తర్వాత రాలేదు. రాతిపొడి ఊపిరితిత్తులకు పట్టి, నా రెండో బిడ్డ పుట్టిన ఏడు పోయాడు.