కుళాయికి కట్టిన గుడ్డ

మా వీధికి నీళ్లిచ్చేది పంపు పిన్ని. అరవై ఇళ్లు, ఒక బోరు, ఒక ట్యాంకు, ఒక పిన్ని. ట్యాంకు మీద 'నీరే ప్రాణం' అని ఎవరో పెద్ద అక్షరాలతో రాయించారు. దానికి మూత మాత్రం ఎవరూ చేయించలేదు, పిన్నే రేకు కప్పింది. సేవ అంటే ఆవిడకు ఒళ్లుమంట. "సేవేంటి నా మొహం! ఉద్యోగం" అంటుంది.

ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది. పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకుంటే నీళ్ల ఆఫీసు వాళ్లొచ్చి నాలుగైదు ఇళ్లలో కుళాయి నీళ్లు పరీక్ష సీసాల్లో పట్టారు. నీళ్లు చెడితే సీసా నల్లబడుతుంది. నల్లబడ్డాయి. సోమవారం మళ్లీ అదే వరసైతే బోరుకు సీలు వేస్తామని చెప్పి, పది సీసాలు పిన్ని చేతిలో పెట్టి పోయారు.

పిన్ని ట్యాంకు కడిగింది, కారే జాయింట్లు బిగించింది, పది ఇళ్ల నీళ్లు పట్టి కిటికీలో నిలబెట్టింది. మర్నాటికి తొమ్మిది బొగ్గులు. పదోది మాత్రం తేటగా ఉంది. అది నిదానం వదినది!

నిదానం వదిన మధ్యాహ్నానికి గాని పక్క ఎత్తని మనిషి. పిన్ని పరుగెత్తింది.

"ఏం చేశావే నీళ్లకి?"

"నేనా? నేనెప్పుడైనా ఏమైనా చేశానా పిన్నీ?"

పిన్ని చూపు కుళాయి మీద పడింది. బోడి కుళాయి. మిగతా ఇళ్లన్నిటా కుళాయి మూతికి వడపోత గుడ్డ ఉంటుంది. పదకొండేళ్ల కిందట తుప్పు నీళ్లొస్తే ఇంటింటికీ తిరిగి కట్టించింది పిన్నే. తుప్పు పోయింది, గుడ్డలు మిగిలాయి, ఎన్నడూ ఆరక, జిగట పట్టి.

"నువ్వెందుకు కట్టలేదే?"

"కడదామనే అనుకుంటున్నా."

పిన్ని పడీ పడీ నవ్వి, వదినని ముద్దు పెట్టుకుని, కత్తెరతో వీధిన పడింది.

"కట్టమన్నదీ నువ్వే, కోస్తున్నదీ నువ్వేనా?" దర్జీ అత్తయ్య కుళాయికి అడ్డం నిలబడింది.

"అప్పుడు బుద్ధి లేదత్తయ్యా, ఇప్పుడొచ్చింది. జరుగు!"

యాభై తొమ్మిది గుడ్డలు బకెట్లో పడ్డాయి. కుళాయి మూతులన్నీ బ్లీచింగుతో తోమించింది. ఆఖరి గుడ్డ పిన్ని ఇంటిదే. మూడు మడతలది, అన్నిటికంటే నల్లనిది.

సోమవారం పట్టిన సీసాల్లో మంగళవారానికి ఒక్కటీ నల్లబడలేదు. పిన్ని బకెట్ బోర్లించి దరువేసింది. అత్తయ్య గంతులేసింది.

"ఏం మందు వేశారమ్మా?" అన్నాడు ఆఫీసాయన.

గుమ్మంలో ఆవలిస్తున్న వదినని చూపించింది పిన్ని.

"ఆవిడే చెప్పింది బాబూ. కాకపోతే చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది!"