అవతలి గోలు వెనక మజ్జిగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫుట్‌బాల్ మాట లేని ఆదివారం ఉండేది కాదు. చెన్నై పురసవాక్కంలో బట్టల కొట్ల వీధి వెనక ఒక ఇరుకు సందులో మా ఇల్లు. మావాళ్లు ఎన్ని తరాల కిందట ఈ ఊరు వచ్చారో ఎవరికీ సరిగా తెలియదు. తెలుగు మాత్రం ఇంట్లో నిలిచింది, సగం అరవం కలుపుకుని. ఆ తెలుగులోనే మా సందంతా ఒక జట్టు కోసం అరిచేది, తిట్టుకునేది.

ఆ జట్టు మా సందుదీ చుట్టుపక్కల సందులదీ. నగరం లీగులో రెండో డివిజన్‌లో ఆడేది. సీజన్ చివర పట్టికలో పైనున్న రెండు జట్లు మొదటి డివిజన్‌కి వెళ్తాయి. అడుగున మిగిలిన రెండు మూడో డివిజన్‌కి పడిపోతాయి. మధ్యలో ఉన్నవాళ్లకు ఏమీ కాదు. ఆ ఏడు సగం సీజన్ గడిచేసరికి మేం సరిగ్గా మధ్యలో ఉన్నాం. వరసగా రెండు మ్యాచ్‌లు గెలిస్తే పైవాళ్లను అందుకుంటాం, వరసగా రెండు ఓడితే అడుగుకు జారుతాం. మధ్యవాళ్లకు ఏమీ కాదన్నాను గానీ, నెమ్మది లేనిది వాళ్లకే.

మా ఇంటికి ఈ లెక్క ఉత్త ఆట కాదు. మా నాన్న ఆఖరి తమ్ముడు, మా చిన్నాయన, ఆ జట్టులో వెనక వరుస ఆటగాడు. పగలంతా బట్టల కొట్లో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే పని. యజమానికి కోపం వస్తే మర్నాడు ఉండని పని అది. ఊరి చివర మనలి అనే చోట ఒక ఫ్యాక్టరీకి సొంత జట్టు ఉండేది. బాగా ఆడేవాళ్లకు అక్కడ పక్కా ఉద్యోగం ఇచ్చేవారు. ఆ జట్టు చూసుకునే ఆయన చిన్నాయన ఆట ఒకసారి చూసి, "మొదటి డివిజన్‌కి రాప్పా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడట. మూడో డివిజన్ మైదానాలకు అలాంటివాళ్లెవరూ రారు. చిన్నాయనకు అప్పటికే ఇరవై ఆరేళ్లు. ఇంకొక్క రెండేళ్లు పోతే ఎవరూ తీసుకోరు. జట్టు పైకి వెళ్తే ఆయనకు ఒక జీవితం, కిందికి పడితే చీరల మడతలు.

సందు చివర టీకొట్టు దగ్గర రోజూ సాయంత్రం ఇదే పంచాయితీ.

"పైకి పోతారంట పైకి! పోయిన వారం మూడు గోల్సు తినొచ్చినారు, యాదుందా?"

"తింటే తిన్నారు. బయపడుకుంటా ఆడితే ఇంకో మూడు తింటారు."

"నీకేం బావా, నీ తమ్ముడు గోలు కాసే గోలీ కాదు గదా. తిట్లు తినేది మావాడు."

"అందరూ ఆగండప్పా. డ్రా చాలు మనకి. ఒక్కో పాయింటు ఏరుకుంటా పోదాం. ముందు ఈడ నిలబడేది చూడండి."

మా తాత ఒక మూల బెంచీ మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటూ అంతా వినేవాడు. ఒకరోజు విసిగిపోయి, "మీరు రెండు గుంపులూ ఒకరి మీద ఒకరు ఆడుకోండ్రా. గెలిచినోళ్లని లీగుకు పంపిస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు మళ్లీ మొదలు.

నేను డ్రా చాలనే గుంపులో ఉండేవాణ్ణి. ఆశపడితే ఉన్నది కూడా పోతుందని నాకు ఆ వయసులోనే ఎందుకో గట్టి నమ్మకం. చిన్నాయన మీద ప్రేమ వల్లే అలా అనుకుంటున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. పదేళ్ల వాడికి ప్రేమకూ భయానికీ తేడా తెలియకపోవడం పెద్ద తప్పేం కాదు. యాభై దాటాక కూడా తెలియకపోవడం తప్పు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మేం ఆడే మైదానానికి కంచె లేదు. చూసేవాళ్లు గీత పక్కన, గోలు వెనక, ఎక్కడ పడితే అక్కడ నిలబడవచ్చు. మా సందువాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఎప్పుడూ మా గోలు వెనకే నిలబడేవాళ్లం. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే మేమూ చెప్పులు చేత్తో పట్టుకుని అవతలికి పరుగెత్తేవాళ్లం. గోలీ కుర్రవాడు, వాడికి తోడు ఉండాలని ఎప్పుడో మొదలైన అలవాటట. కానీ అక్కడ నిలబడితే మనకు కనిపించేదంతా మీదికొచ్చే ఎదుటి ఆటగాళ్లే. అందుకని మా నోట్లోంచి వచ్చేవన్నీ ఒకే రకం అరుపులు. "వెనక్కి రా!" "కొట్టేయ్, దూరంగా కొట్టేయ్!" "వాణ్ణి వదలొద్దు!" ఆ అరుపులు ఆటగాళ్లకు స్పష్టంగా వినిపించేవి. వాళ్లు వింటూ వింటూ ఒక్కో అడుగే వెనక్కి జరిగి, ఆట చివరికి జట్టంతా మా గోలు ముందే కుప్పబడేది. జట్టుకు ధైర్యం లేదని టీకొట్టు దగ్గర తిట్టుకునేవాళ్లం. వాళ్లను వెనక్కి పిలిచింది మేమేనని ఎవరికీ తట్టలేదు.

తట్టింది మా తాతకు. ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్తే వినరని తెలుసు. ప్రతి ఆదివారం మైదానానికి మజ్జిగ తెచ్చేది ఆయనే. మా అవ్వ అల్లం, కరివేపాకు దంచి వేసి కలిపిన మజ్జిగ. మోయడానికి ఇద్దరు కావలసిన ఇత్తడి అండాలో పోసి, రిక్షాలో పెట్టుకుని తెచ్చేవాడు. పట్టికలో అందరికన్నా పైనున్న జట్టుతో మ్యాచ్ వచ్చిన ఆదివారం, ఆ అండాను తీసుకెళ్లి అవతలి జట్టు గోలు వెనక ఎర్రటి ఎండలో దించాడు.

"ఏంది తాతా, ఆడ పెట్టినావు? నీడ ఈడుంది గదా!" అని మావాళ్లు మొత్తుకున్నారు.

"నా మోకాలికి ఎండ మంచిదంట, డాక్టరు చెప్పినాడు. దాహమైనోళ్లు రండి, లేనోళ్లు నీడలో ఉండండి" అన్నాడు తాత.

చెన్నై ఎండలో మజ్జిగను వదులుకునేంత పట్టుదల ఎవరికీ లేదు. పావుగంటలో సందంతా గొణుక్కుంటూ అవతలి గోలు వెనక చేరింది. అక్కడ నిలబడ్డాక ఒక చిత్రం జరిగింది. ఇప్పుడు మా మీదికొచ్చేది మా ఆటగాళ్లే. వాళ్లను చూసి "వెనక్కి పో" అని ఎవరు అరుస్తారు? నీడలో నిలబడి డ్రా చాలన్న నోళ్లే ఎండలో నిలబడి "రా, రా, ఇంకా రా!" అంటున్నాయి. మా ముందువరుస కుర్రాళ్లు ఆ పిలుపుకు పరుగెత్తుకొచ్చారు. సగం ఆట ముగిసే ముందు ఒక గోలు కొట్టారు. సగంలో తాత మళ్లీ ఇద్దరి చేత అండా మోయించాడు, ఆ వైపు నుంచి ఈ వైపుకు, మళ్లీ ఎదుటివాళ్ల గోలు వెనకకే. ఈసారి ఎవరూ గొణగలేదు.

గెలిస్తే పైవాళ్లకు చేరువవుతాం. ఆట చివరికొచ్చేసరికి నా చూపంతా మా గోలు వైపే ఉంది. ఎదుటి జట్టు మా గోలు మీదికి పోతోంది. నేనున్న చోటు నుంచి అక్కడేం జరుగుతోందో సరిగా కనపడదు. తాత ఎవరికో మజ్జిగ పోస్తున్నాడు. నేను మెల్లగా తప్పుకుని, గీత పక్కగా పరుగెత్తి మా గోలు వెనకకు చేరాను.

అప్పుడు జరిగింది అర్థం కావాలంటే ఆటలో ఒక చిన్న సంగతి చెప్పాలి. ఎదుటివాడు బంతి అందించబోయే క్షణంలో వెనక వరుస నలుగురూ కలిసి ఒక్కసారిగా ముందుకు జరిగితే, వాళ్ల వెనక మిగిలిపోయిన ఎదుటి ఆటగాడికి బంతి అందినా చెల్లదు. నలుగురిలో ఒక్కడు వెనక ఉండిపోయినా చెల్లుతుంది. ఆ రోజు మా వెనక వరుస ధైర్యంగా అదే ఆడుతోంది. నలుగురూ ముందుకు కదిలారు. మా గోలు ముందు ఒక్కడే, ఎదుటి జట్టువాడు, ఖాళీగా నిలబడి ఉన్నాడు. నాకు కనిపించింది ఆ ఒక్కడే.

"చిన్నాయనా! వెనక్కి!" అని గొంతు చించుకుని అరిచాను.

చిన్నాయన ఆగి, వెనక్కి తిరిగాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. బంతి వచ్చింది, చెల్లింది, గోలైంది. ఇంకాసేపటికి ఆట ఒకటీ ఒకటీగా ముగిసింది.

టీకొట్టు దగ్గర ఆ సాయంత్రం అంతా చిన్నాయన మీద పడ్డారు. "ముగ్గురు పోతే నువ్వొకడివే ఎందుకు ఆగినావురా? నిద్ర పట్టిందా నిలబడే?" ఆయన తలొంచుకుని, "అవునప్పా, నాదే తప్పు" అన్నాడు, అంతే. నేను అక్కడే ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

తాత నన్ను అడగలేదు. ఆయన నేను పరుగెత్తడం చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ మరుసటి ఆదివారం మైదానానికి రాగానే గరిటె నా చేతికిచ్చి, "ఈ పూట మజ్జిగ నువ్వు పొయ్యి" అన్నాడు. గరిటె చేతిలో ఉన్నవాడు అండాను వదిలి పోలేడు. ఆట చివరికొస్తుంటే నేను మా గోలు వైపే చూస్తూ పోసిన మజ్జిగ నా కాళ్ల మీదే ఒలికింది. తాత పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "బయం ఉంటే ఉండనీరా. కాళ్లు మాత్రం ఈడనే ఉండనీ."

ఆ పూట మేం గెలిచాం. ఆ సీజన్‌లో ఇంకా చాలా గెలిచాం. కిందికి పడతామనే మాట టీకొట్టు దగ్గర వినబడటమే మానేసింది. కానీ చివర్లో మూడో స్థానంలో ఆగిపోయాం, రెండో జట్టుకు ఒక్క పాయింటు వెనక. ఆ పాయింటు ఎక్కడ పోయిందో నాకు తెలుసు. మరుసటి ఏడు ఏ తడబాటూ లేకుండా మొదటి డివిజన్‌కి వెళ్లాం. మనలి ఆయన మాట నిలబెట్టుకున్నాడు. చిన్నాయనకు ఉద్యోగం వచ్చింది, ఒక ఏడాది ఆలస్యంగా. ఆ ఏడాది ఆయన మడతపెట్టిన చీరలన్నీ నా లెక్కలో రాసుకోవలసినవే.

మొదటి జీతం రోజు నన్ను టిఫినుకు తీసుకెళ్లాడు. దోసె సగం తిన్నాక నాకు ఏడుపొచ్చింది. "ఆ పొద్దు అరిచింది నేనే చిన్నాయనా" అన్నాను.

"తెలుసు. నీ గొంతు నాకు తెలీదా?"

"మరి ముందుకు పోకుండా ఎందుకు ఆగినావు?"

ఆయన నవ్వాడు. "నువ్వు పిలిస్తే తిరక్కుండా ఎట్లుంటానురా?"

ఆ మాటకు అప్పుడు సంతోషపడ్డాను. దాని బరువు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మనల్ని ప్రేమించేవాళ్లు మన గొంతు విని తిరుగుతారు. మన మాటలో తెలివుందా భయముందా అని చూసి తిరగరు.

మా అమ్మాయికి పదిహేడేళ్లప్పుడు వేరే రాష్ట్రంలో ఫుట్‌బాల్ శిబిరానికి ఎంపిక వచ్చింది. ఇంట్లో ఆట ఉంది, రక్తంలో ఉంది, నేనే నేర్పాను కూడా. ఆఖరి క్షణంలో "ముందు డిగ్రీ కానీమ్మా, ఆట ఎక్కడికీ పోదు" అన్నాను. అది తండ్రి వివేకమని నలుగురూ మెచ్చుకున్నారు. అది మా గోలు వెనకకు పరుగెత్తిన పిల్లవాడి అరుపేనని తర్వాతెప్పుడో నాకొక్కడికే తెలిసింది. మా అమ్మాయి తిరిగింది, శిబిరానికి పోలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. మా చిన్నాయన పోలిక.

ఇప్పుడు ఆమె ఇదే ఊళ్లో ఒక అమ్మాయిల జట్టుకు కోచ్. ఈ ఏడు సగం సీజన్ అయ్యేసరికి వాళ్లు పట్టిక మధ్యలో ఉన్నారు. పిల్లల తల్లిదండ్రులు ఫోన్లలో గుంపు పెట్టుకుని పొద్దస్తమానం వాదించుకుంటున్నారు, పైకి వెళ్లే ప్రయత్నం చేద్దామా, పడిపోకుండా చూసుకుంటే చాలా అని. కొందరు నాకు కూడా ఫోన్ చేసి, "అంకుల్, మీరైనా చెప్పండి, జాగ్రత్తగా ఆడించమని" అంటున్నారు.

మొన్న శనివారం ఉదయం కాఫీ తాగుతూ మా అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "రేపు పట్టికలో పైనున్న జట్టుతో మ్యాచ్ నాన్నా. వెనక ఉండే పిల్లల్ని కూడా ముందుకు పంపి ఆడిద్దామనుకుంటున్నా. ఏమంటావు?"

భయం వచ్చింది. ఈ వయసులో కూడా అదే భయం. కానీ దాన్ని పక్కన కూర్చోబెట్టడం ఇప్పుడు నాకు చేతనవుతుంది. నేను ఏమన్నా ఆమె తిరిగి చూస్తుందని తెలుసు కాబట్టి, కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పాను.

"పంపించమ్మా."