కోడి మీద పడ్డ నింద

2006 వానాకాలంలో నేను అనకాపల్లిలో మలేరియా విభాగం సబ్ యూనిట్ ఆఫీసరుగా ఉన్నాను. హోదా పేరు పెద్దది. పని మాత్రం జనం ఇళ్లలో నీళ్ల తొట్లలోకి తొంగిచూడటం. మా ఆయుధం డిప్పరు, అంటే పొడవు పిడి ఉన్న తెల్ల గరిటె. దాంతో నీళ్లు ముంచితే లార్వాలు, అంటే దోమ పిల్లలు, తెలుపు మీద నల్లగా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి.

ఆ ఏడు చికున్‌గున్యా వచ్చింది. పగలు కుట్టే దోమ మోసే వైరస్ అది. జ్వరం తగ్గినా కీళ్లను వదలదు. ఆఫ్రికాలో ఒక భాషలో ఆ మాటకు వంగిపోవడమని అర్థం. మనవాళ్లకు మాత్రం అందులో చికెన్ వినిపించింది. అంతే, కోడి తినడం మానేశారు. దోమను ఎవరూ ఒక్క మాటా అనలేదు.

దెబ్బ సామ్యేలు మీద పడింది. మా ఆఫీసు వీధి మలుపులో కోళ్ల కొట్టు అతనిది. ఆదివారం చర్చి వదలగానే కిటకిటలాడే ఆ కొట్లో ఇప్పుడు కోళ్లు తప్ప ఎవరూ లేరు.

"ఈ నెల సూత్తాను సార్. ఆ తర్వాత కొట్టు మూసేసి ఏదో కంపెనీలో కూలికెల్లిపోడమే" అన్నాడు.

మూఢనమ్మకం ఎదురుపడితే వాదన పెట్టుకోకుండా దాటిపోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. పక్క టీకొట్టు అప్పారావు దగ్గర మొదలుపెట్టాను. కోడికీ ఈ జ్వరానికీ సంబంధమేమిటని నిలదీశాను.

"పేర్లోనే సికెనుంది కదండీ, ఇంకేటి సాచ్చెం కావాల?"

"అయితే మలేరియా మల్లెపూల వల్ల వస్తుందా?"

అందరూ నవ్వారు. గెలిచాననుకున్నాను. అంతలో టీ తాగుతున్న ఒక ముసలావిడ "ఏమో బాబూ, మల్లిపాదు కాడ దోమలు మాత్రం బాగానే ఉంటాయి" అంది. నవ్వు నా మీదికి తిరిగింది.

మాటలు చాలవని తేలాక, ఆదివారం సామ్యేలు ఇంట్లో కోడికూర వండించి, వీధి మలుపులో బల్ల వేయించుకుని అందరి ముందూ తిన్నాను.

"సారు గవర్నమెంటోరు. ముందే ఇంజీసను సేయించుకొనొచ్చుంటారు" అన్నాడు అప్పారావు. అలాంటి ఇంజెక్షన్ అప్పటికి లోకంలోనే లేదు.

ఆ వారం మధ్యలో నాకు జ్వరం వచ్చింది. చికున్‌గున్యాయే.

రోగిని కుట్టిన దోమే ఇంకొకరికి అంటిస్తుంది కనుక మొదటి వారం రోగి దోమతెరలో ఉండాలి. ఆ తెరలో పడుకుని వీధి వార్తలు విన్నాను. సారు కోడికాలు తిన్నాడు, సారు కాళ్లు పట్టేశాయి. ఇదీ వార్త. పైగా సామ్యేలు కోళ్లలో రెండింటికి ముఖం మీద బొబ్బలు లేచాయట. కోడికీ ఇదే రోగమని తీర్పు కూడా చెప్పేశారు.

ఈ దోమ పుట్టినచోటి నుంచి ఎక్కువ దూరం పోదు. నేను పగళ్లు గడిపింది ఆ మలుపులోనే, అంటే నన్ను కుట్టింది అక్కడి దోమే. మా సిబ్బంది అక్కడి ఇళ్లన్నీ చూశారు, కొట్లు చూడలేదు. జ్వరం తగ్గాక చేతికర్రతో, నిజంగానే వంగి నడుస్తూ, డిప్పరు పట్టుకుని వెళ్లాను. సామ్యేలు కొట్టు వెనక నీళ్ల డ్రమ్ములో ముంచాను. గరిటె నిండా లార్వాలు.

సామ్యేలు నా చెయ్యి పట్టుకున్నాడు. "దణ్ణమెడతాను సార్, ఇది బయటెట్టకండి. ఇన్నాళ్లూ కోడన్నారు, రేపు కొట్టంటారు. నా బతుకైపోద్ది."

అతని భయం సబబే. గుట్టుగా పారబోయించవచ్చు. కానీ అబద్ధాన్ని ఖండించడానికి బయలుదేరినవాడు నిజాన్ని దాస్తే వాడి మాటకు విలువేముంటుంది? డిప్పరుతో వీధిలోకి వచ్చాను.

"నాను సెప్పలేదా? కొట్లోనే ఉంది రోగం!" అన్నాడు అప్పారావు.

"కొట్లో ఉంది, కోడిలో లేదు. పద, ఇప్పుడు నీ డ్రమ్ము చూద్దాం."

అతని డ్రమ్ములో ఇంకా ఎక్కువ ఉన్నాయి.

"ఓలమ్మో, ఈ నీల్లతోనేట్రా మాకు టీ కాత్తన్నావు?" అంది మల్లిపాదు ముసలావిడ.

"కాదప్పా, గలాసులు కడగడానికే" అని గొణిగాడు అప్పారావు. ఆ తర్వాత నేను ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. ఎవరి తొట్టిలోకి వాళ్లే తొంగిచూసుకున్నారు.

పశువుల డాక్టరు వచ్చి, కోళ్లకున్నది కోళ్ల మశూచి అనీ, మనుషులకు అంటదనీ, దాన్నీ దోమలు మోస్తాయనీ చెప్పారు. అంటే ముద్దాయిగా నిలబెట్టిన కోడి కూడా మనలాగే దోమకాటు తిన్నదే. సామ్యేలు ఆ రెండింటినీ వేరుచేసి, గూళ్లకు దోమతెర గుడ్డ కట్టాడు. డ్రమ్ముకు మూత చేయించాడు. వీధిలో వారానికో రోజు తొట్లు బోర్లించి ఆరబెట్టడం మొదలైంది. దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి కనుక పారబోస్తే చాలదు, తోమాలి. మా ఉద్యోగ భాషలో దాన్ని డ్రై డే అంటారు.

నెలాఖరు ఆదివారం సామ్యేలు కొట్లో కూర్చున్నాను. చర్చి వదిలింది. ఎవరూ రాలేదు. సామ్యేలు కత్తి తుడిచి పక్కన పెట్టేశాడు. చాలాసేపటికి అప్పారావు వచ్చాడు.

"సామ్యేలు బావా, అరకేజీ కొట్టు. ముందు నీ డ్రమ్ము మూత తియ్యి, సూత్తాను."

చూశాడు. కొనుక్కుని వెళ్లాడు. తర్వాత వచ్చినవాళ్లూ ముందు డ్రమ్ము చూసి, అప్పుడు కోడిని చూశారు. పేర్లో చికెనుందన్న వాదన మాత్రం నేను బదిలీ అయ్యేదాకా అప్పారావు వదల్లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో మీటింగు పెట్టినా, ముందు డిప్పరులో నీళ్లు చూపించి తర్వాతే నోరు విప్పాను. జనం నమ్మకం మారేదాకా ఆగితే దోమ ఆగదు. అప్పారావు బుర్ర మారలేదు. అతని డ్రమ్ముకు మూత మాత్రం పడింది.